మై లాప్‌టాప్ (1) ఎవరిది: మావ షాపు బ్యాకప్ ఫోల్డర్లకు పేర్లు పెట్టే పని

ఆదివారం

కందుకూరులో పామూరు రోడ్డు మీద మా మావకు డీటీపీ షాపు ఉంది. పెళ్లికార్డులు, పెద్దకర్మ కార్డులు, ఫ్లెక్సీలు, బిల్లు బుక్కులు, స్కూలు ఐడీ కార్డులు, ఏది అడిగితే అది. షాపులో మిషన్లన్నీ గూగుల్ డ్రైవ్‌కి కలిపి ఏళ్లయింది, డబ్బులు కట్టి స్టోరేజీ కూడా తీసుకున్నాడు. కాబట్టి బ్యాకప్ లేక కాదు, ఉన్న బ్యాకప్‌లో ఏది యాడుందో తెలీకే తిప్పలు. మొన్న వలేటివారిపాలెం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి, మా పెద్దోడికి వేసిన కార్డే చిన్నోడికీ కావాల, పేర్లు మార్చి ఇస్తే చాలు అన్నాడంట. పూటంతా వెతికినా దొరకలేదు. చివరికి ఆయన ఇంటి నుంచి పాత కార్డు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుని మళ్లీ మొదట్నుంచి టైపు కొట్టారు. ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు మావ, "అబ్బయా, ఈసారి వచ్చినప్పుడు ఆ పేర్ల సంగతేందో తేల్చిపోవాల" అని.

ఈరోజు చూడటమే, ఏదీ ముట్టుకోలేదు. బ్రౌజర్‌లో డ్రైవ్ తెరిస్తే ఎడమ పక్క మై డ్రైవ్ దగ్గర్లోనే కంప్యూటర్స్ అని ఇంకొకటి ఉంటుంది, చాలామంది జన్మలో దాన్ని నొక్కి ఉండరు. మావ అకౌంట్‌లో అక్కడ మై కంప్యూటర్, మై కంప్యూటర్ (1), మై లాప్‌టాప్, మై లాప్‌టాప్ (1) అని వరసగా నాలుగున్నాయి. షాపులో చూస్తే రెండు డెస్క్‌టాప్‌లు, ఒక లాప్‌టాప్, అంతే.

ఈ కంప్యూటర్స్ విభాగం 2017లో బ్యాకప్ అండ్ సింక్ అనే ప్రోగ్రాంతో వచ్చింది. 2021 అక్టోబరులో ఆ ప్రోగ్రాం ఆగిపోయి డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్ దాని చోటికి వచ్చింది. ఏదైనా పద్ధతి ఒకటే. ఈ మిషన్‌లో ఫలానా ఫోల్డర్లు సింక్ చెయ్యి, అంటే డ్రైవ్‌తో జత కలిపి ఉంచు అని చెప్తే ఆ మిషన్‌కి ఒక పద్దు తెరిచి అందులో వేస్తుంది, మనం పేరు పెట్టకపోతే మై కంప్యూటర్, మై లాప్‌టాప్ అని తనే పెట్టుకుంటుంది. విండోస్ తీసి కొత్తగా వేయించి మళ్లీ లాగిన్ అయ్యారనుకోండి, ఇది పాత మిషనే అని దానికి తెలీదు గదా, ఇంకో పద్దు తెరిచి సరుకంతా మళ్లీ మొదట్నుంచి ఎక్కిస్తుంది. షాపులో జరిగిందదే. రిపేరుకొచ్చిన మెకానిక్ లాప్‌టాప్‌ని ఫార్మాట్ చేసి ఇచ్చి పోయాడు, అది తిరిగి మై లాప్‌టాప్ (1) అయి కూర్చుంది. పాత పద్దులో సరుకు పాతదిగానే ఉండిపోయింది, స్టోరేజీ లెక్కలో మాత్రం రెండూ పడుతున్నాయి.

మరి ఏది ఏ మిషనో ఎట్లా కనిపెట్టాలి? ఒక్కో దాంట్లోకి పోయి, చివరిసారి మారిన తేదీని బట్టి ఫైళ్లను వరసగా పెట్టి చూశాను. బతికున్న మిషన్‌లో నిన్నటి ఫైళ్లుంటాయి, చచ్చిపోయిన పద్దులో తేదీ ఒక చోట ఆగిపోతుంది. మై లాప్‌టాప్‌లో 2023 తర్వాత ఏమీ లేదు, అది తేలిపోయింది. రెండు డెస్క్‌టాప్‌ల సంగతి తేలక షాపులో టైపింగ్ చేసే అమ్మాయిని పిలిస్తే, తెర వైపు ఒక్కసారి చూసి "ఇది కౌంటర్‌దన్నా, ఆధార్ జిరాక్సుల స్కాన్లన్నీ దీంట్లోనే ఉంటాయి" అని పోయి తన సీట్లో కూర్చుంది.

సోమవారం రాత్రి

షాపు కట్టేశాక నాలుగు పద్దులకూ పేర్లు పెట్టాం. కంప్యూటర్స్‌లో పేరు మీద రైట్ క్లిక్ కొట్టి రీనేమ్, అంతే పని. ఇప్పుడు ఇట్లా ఉన్నాయి: కౌంటర్ డెస్క్‌టాప్, లోపలి డిజైన్ మిషన్, లాప్‌టాప్ వాడుకలో ఉన్నది, లాప్‌టాప్ పాత పద్దు 2023 వరకు. మిషన్ కంపెనీ పేరో మోడల్ నంబరో పెట్టమని మావ అన్నాడు గానీ నేను వద్దన్నాను. మిషన్ మారుతుంది, అది చేసే పని మారదు. రేపు కౌంటర్లో కొత్తది కొన్నా కౌంటర్ డెస్క్‌టాప్ అన్న పేరుకు ఢోకా లేదు, పక్కన సంవత్సరం తగిలిస్తే సరి.

ఇక్కడ పేరు మారిస్తే కంప్యూటర్‌లో ఏమన్నా మారుతుందా అని మావకు ఒకటే టెన్షన్. ఈ పై పేరు వట్టి చీటీ లాంటిది, మారిస్తే కంప్యూటర్‌లో ఏదీ కదలదు, విండోస్‌లో ఉండే డెస్క్‌టాప్ అని మొదలయ్యే ఆ పొడుగు పేరు కూడా అట్లే ఉంటుంది. పద్దు లోపలికి దిగి అక్కడి ఫోల్డర్ల పేర్లు మారిస్తే మాత్రం కథ వేరు. చెప్తే నమ్మకం కుదరదని చేసి చూపించాను. డిజైన్ మిషన్‌లో పరీక్ష అని ఒక ఫోల్డర్ చేసి, దాంట్లో నోట్‌ప్యాడ్ ఫైలు ఒకటి వేసి, అది డ్రైవ్‌లోకి ఎక్కాక మావ చేతికే ఫోనిచ్చి ఫోల్డర్ పేరు మార్చమన్నాను. కాసేపటికి ఎదురుగా కంప్యూటర్‌లో ఆ పేరే మారిపోయింది. తర్వాత ఫోన్లో డిలీట్ కొట్టించాను, కంప్యూటర్‌లో కూడా ఫోల్డర్ మాయం. మావ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు. "అయితే ఇన్నాళ్లూ ఎవడన్నా ఫోన్లో పొరపాటున తీసేసుంటే ఈడా పోయేదా?" పోయేది. డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులుంటుంది, ఆలోపు చూసుకుంటే వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆ తర్వాత దేవుడే దిక్కు. బ్యాకప్ అని అందరం అనేస్తాం గానీ ఇది రెండు వైపులా సరిచూసుకునే సింక్, రెండు చోట్లా ఉన్నది ఒకే సరుకు అన్నట్టే లెక్క.

అందుకని లోపలి ఫోల్డర్ల పేర్ల జోలికి పోయేముందు డిజైన్ ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ పెట్టి, రాత్రంతా నడవనిచ్చి, ఇంటికి పోయాం.

బుధవారం

నిన్న హార్డ్ డిస్కు కాపీ అయింది, ఫైళ్ల సంఖ్య, సైజు రెండు వైపులా సరిపోయాయి. ఈరోజు అసలు సరుకు చూశాను.

మావ ఫోల్డర్లు తెలుగు సంవత్సరాల పేర్లతో పెట్టుకున్నాడు. శార్వరి, ప్లవ, శుభకృత్, శోభకృత్, క్రోధి, విశ్వావసు. పంచాంగం చేతిలో పెట్టుకుని లగ్నపత్రికలు చూసే మనిషి గనక ఆయనకది సహజమే, నాకూ ముచ్చటేసింది. కానీ కంప్యూటర్ అక్షర క్రమంలో పేరుస్తుంది. క్రోధి ముందు, దాని కింద ప్లవ, ఆ కింద విశ్వావసు, దానికీ కింద శార్వరి. అంటే 2024 పైన, 2020 అడుగున ఎక్కడో, మధ్యలో 2025. పైగా శుభకృత్, శోభకృత్ పక్కపక్కనే కూర్చుంటాయి, చిన్న అక్షరాల్లో ఏది ఏదో తెలీదు, ఒకదాంట్లో వేయాల్సిన కార్డులు రెండోదాంట్లో చాలానే కనిపించాయి.

ఏడాది పేరు తీసి అంకె పెట్టేస్తే సరిపోతుందా అంటే అదీ కుదరదు, తెలుగు ఏడాది ఉగాదికి మారుతుంది గదా. శుభకృత్ 2022 ఏప్రిల్ 2న మొదలై 2023 మార్చి 21తో అయిపోయింది. మాఘంలో, ఫాల్గుణంలో అయిన పెళ్లిళ్లు శుభకృత్‌లోనే ఉంటాయి, తేదీ చూస్తే 2023 ఫిబ్రవరి, మార్చి. కాబట్టి శుభకృత్ అంతటికీ 2022 అని పెట్టడానికి లేదు. ఒక్కో కార్డు తెరిచి తేదీ చూడాల్సిందే. ఉగాది తేదీలు ఒక కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించాను: ప్లవ 13-4-2021, శుభకృత్ 2-4-2022, శోభకృత్ 22-3-2023, క్రోధి 9-4-2024, విశ్వావసు 30-3-2025.

ఒక్కోటీ తెరవడం ఎందుకు, వెతికితే దొరకదా అని అడుగుతారు. దొరకదు, ఈ పని మొత్తానికి మూలం అదే. షాపులో పెళ్లికార్డులు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో కొడతారు. తెలుగునాట డీటీపీ షాపుల్లో ఏళ్ల తరబడి ఇదే నడుస్తోంది, వేగంగా కొట్టే వాళ్ల చేతులు ఆ కీబోర్డుకు అలవాటు పడ్డాయి, ప్రెస్సువాళ్లకూ అదే కావాలి. కానీ అది యూనికోడ్ కాదు, అంటే ఏ కంప్యూటరైనా తెలుగని గుర్తుపట్టే అక్షరాల పద్ధతి కాదు. తెర మీద మనకు తెలుగు కనిపిస్తుంది, ఫైలు లోపల ఉండేది ఇంగ్లిషు అక్షరాలూ ఏవో గుర్తులూ, వాటికి తెలుగు బొమ్మ తొడిగేది ఫాంటు. డ్రైవ్ సెర్చ్‌లో మాల్యాద్రి అని కొడితే కార్డు లోపల మాల్యాద్రి అని ఉన్నా దానికి కనపడదు. తెలుగు కార్డును లోపలి మాటతో పట్టుకునే అవకాశం లేదు. పైన ఫోల్డర్‌కి, ఫైలుకి పెట్టిన పేరొక్కటే దాని అడ్రసు. ఆ పేరేమో కొత్త కార్డు, బాబు ఫైనల్, ఫైనల్ కరెక్షన్, రేపు ఇవ్వాల.

పేజ్‌మేకర్ ఫైలు డ్రైవ్‌లో తెరుచుకుని కనిపించదు కూడా. ఫోన్లో కస్టమర్‌కి చూపించాలంటే ఏమీ లేదు. అందుకని ఇకనుంచి ప్రతి కార్డుకూ ఒక జేపీజీ తీసి అదే ఫోల్డర్లో వేయాలని అనుకున్నాం.

గురువారం

పేరు ఎట్లా ఉండాలి అన్నదాని మీద మావకూ నాకూ టీ కొట్టు దగ్గర చర్చ. నేను అడిగింది ఒకటే: పాత కార్డు కోసం వచ్చిన మనిషి నీకేం చెప్తాడు? ఊరు చెప్తాడు, ఇంటిపేరు చెప్తాడు, పెళ్లి ఎప్పుడయిందో సుమారుగా చెప్తాడు. పిల్లోడి పేరు చెప్పినా లాభం లేదు, మా వైపు ఆ పేర్లన్నీ ఒకటే. వలేటివారిపాలెం మండలంలో మాలకొండ ఉంది, లక్ష్మీనరసింహస్వామి, శనివారం మాత్రమే గుడి తీస్తారు. ఆ స్వామి పేరు పెట్టుకోని ఇల్లు ఈ చుట్టుపక్కల తక్కువ. మాల్యాద్రి, మాలకొండయ్య, మాలకొండారెడ్డి, మాల్యాద్రినాయుడు. మావ ఫోల్డర్లలో మాల్యాద్రి అని వెతికితే తెర నిండిపోయింది, మాల్యాద్రి 1, మాల్యాద్రి కొత్త, మాల్యాద్రి బావ అని. ఆ బావ ఎవరో మావకే గుర్తు లేదు.

చివరికి కుదిరిన పద్ధతి: ముందు పెళ్లి తేదీ, సంవత్సరం నెల రోజు ఆ వరసలో, తర్వాత ఊరు, కార్డు వేయించుకున్నవాళ్ల ఇంటిపేరు, పని. ఉదాహరణకు 2023-02-11 గుడ్లూరు చల్లా పెళ్లికార్డు. సంవత్సరం ముందు పెట్టి రాయడం ఐఎస్ఓ 8601 అనే ప్రమాణం, 1988 నుంచి ఉంది. దానివల్ల లాభం ఏందంటే, అక్షర క్రమంలో పేర్చినా అదే కాలక్రమం అవుతుంది, వేరే ఏమీ చెయ్యనక్కర్లేదు. మనవాళ్లు రాసే 11-02-2023 పద్ధతిలో అయితే అన్ని నెలల పదకొండో తేదీలూ ఒకచోట చేరతాయి.

పెట్టేదే పెళ్లి తేదీ అన్నాక ఒక మెలిక వచ్చింది. ఒక కార్డులో తేది 11-02-2023 శనివారం రాత్రి 2-40 గంటలకు (తెల్లవారితే ఆదివారం) అని ఉంది. గడియారం లెక్కన అది 12వ తేదీ, పంచాంగం లెక్కన సూర్యోదయం దాకా శనివారమే. టైపింగ్ అమ్మాయి 12 పెట్టింది, మావ 11 అన్నాడు. మావ చెప్పిందే ఖాయం చేశాం, కార్డులో అచ్చయిన తేదీ ఏదో అదే. వెతికేవాడి చేతిలో ఉండేది కార్డు గదా.

జిల్లా పేరు పెట్టొద్దని గట్టిగా చెప్పాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, అద్దంకి, చీరాల బాపట్లకు పోయాయి, గూడూరు తిరుపతికి పోయింది. మావ దగ్గర ప్రకాశం డిస్ట్రిక్ట్ అని ఒక పెద్ద ఫోల్డర్ ఉంది, దాంట్లో సగం ఊళ్ల అడ్రసు ఆ రోజుతో మారిపోయింది. ఊరు మాత్రం యాడికీ పోదు.

పేర్లు తెలుగులోనే పెట్టాం. విండోస్‌కీ డ్రైవ్‌కీ యూనికోడ్ తెలుగుతో ఇబ్బంది లేదు, ఫోన్లో మాట చెప్పి వెతకడానికి కూడా పనికొస్తుంది. అంకెలు మాత్రం మామూలు అంకెలే. ఒక్క విషయం చూసుకోవాలి. విండోస్‌లో ఫైలు దారి మొత్తం మామూలుగా 260 అక్షరాల లోపు ఉండాలి, దాటితే పాత సాఫ్ట్‌వేర్లు మొరాయిస్తాయి. తెలుగులో కంటికి కనిపించే అక్షరాలు వేరు, కంప్యూటర్ లెక్క వేరు. లక్ష్మి అంటే మనకు రెండక్షరాలు, దానికి ఏడు. మాల్యాద్రి మనకు మూడు, దానికి పది. అందుకని ఫోల్డర్లో ఫోల్డర్, దాంట్లో మళ్లీ ఫోల్డర్ అని లోతుకు పోకుండా సంవత్సరం, దాని కింద కార్డు, అంతటితో ఆపేశాం.

స్లాష్, కోలన్, ప్రశ్నార్థకం వాడొద్దని అమ్మాయికి చెప్పాను. డ్రైవ్‌లో ఫోన్ నుంచి పెడితే ఒప్పుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉన్నా డ్రైవ్ ఏమీ అనదు, విండోస్‌లో కుదరదు. అందుకే పేర్లు ఎప్పుడు మార్చినా కంప్యూటర్‌లోనే మార్చాలి, ఫోన్లో కాదు.

శనివారం

పని సాగలేదు. మాలకొండ పోయొచ్చే జనం, ఎండ, కరెంటు పోవడం, మధ్యలో అర్జెంటు ఫ్లెక్సీ. అమ్మాయి మాత్రం సందు దొరికినప్పుడల్లా శుభకృత్ కార్డులు తెరిచి తేదీ, ఊరు, ఇంటిపేరు ఎక్సెల్‌లో ఎక్కించింది, ఒక గడిలో పాత పేరు, పక్క గడిలో కొత్త పేరు. ఆమె చేతి వేగం చూస్తే నాకు అసూయ.

ఆదివారం

షాపుకు సెలవు. ముందు డ్రైవ్ ప్రోగ్రాంలో సింక్ పాజ్ చేశాం. పేజ్‌మేకర్, కోరెల్ అన్నీ మూసేశాం, ఫైలు తెరిచి ఉంటే విండోస్ దాని ఫోల్డర్ పేరు మార్చనివ్వదు.

ఒక్కోదాని మీద ఎఫ్2 కొట్టుకుంటూ కూర్చోవచ్చు గానీ ఎక్సెల్ పట్టీ చేతిలో ఉన్నాక అవసరం లేదు. దాన్ని యూటీఎఫ్-8 (యూనికోడ్ రాసే ఒక పద్ధతి) సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు పట్టీగా సేవ్ చేసి, విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో ఇంపోర్ట్-సీఎస్‌వీ కమాండుతో చదివించి, పేర్లు మార్చే రీనేమ్-ఐటమ్‌కి అప్పగించాను. తెలుగు చెడకుండా చదివించేటప్పుడు కూడా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అనే చెప్పాను. పాత పేర్లలో స్క్వేర్ బ్రాకెట్లున్నాయి, వాటిని ఉన్నదున్నట్టు చదవడానికి లిటరల్‌పాత్ వాడాలి. అన్నిటికన్నా పనికొచ్చేది వాట్‌ఇఫ్. అది తగిలిస్తే పేరు మార్చదు, మారిస్తే ఏమవుతుందో మాత్రం చూపిస్తుంది. ఆ పట్టీని మావ వేలు పెట్టి పై నుంచి కింద దాకా చదివాడు. మధ్యలో ఆగి "ఈళ్లది గుడ్లూరు కాదురా, ఉలవపాడు, మామిడితోట వాళ్లు" అని ఒకటి సరిచేశాడు. తర్వాత వాట్‌ఇఫ్ తీసి నడిపాం. టీ తాగేలోపు అయిపోయింది. కమాండ్లంటే పడని వాళ్లకు మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో పవర్‌రీనేమ్ అని ఉంది, ఉచితం, అదీ ముందే చూపించి మారుస్తుంది. ఒకే రకం మార్పు అన్నిటికీ చెయ్యాలంటే అది చాలు, మాకేమో ఒక్కోదానికి ఒక్కో పేరు.

సింక్ మళ్లీ మొదలుపెట్టేముందు కార్డులు తెరిచి చూశాం. ఎక్కువ భాగం బాగానే తెరుచుకున్నాయి. కొన్నిటికి మాత్రం వినాయకుడి బొమ్మ యాడుందో చెప్పమని పేజ్‌మేకర్ అడిగింది. బొమ్మను ఫైలు లోపల దాచుకోకుండా దాని దారి మాత్రమే గుర్తు పెట్టుకున్న కార్డులవి, ఆ బొమ్మలేమో శుభకృత్ అనే ఫోల్డర్ కింద ఉండేవి, ఇప్పుడా పేరు లేదు. బొమ్మ కూడా కార్డు ఫోల్డర్లోనే ఉన్నవాటితో ఏ గొడవా రాలేదు. అందుకని దేవుళ్ల బొమ్మలు, బోర్డర్లు, మంగళవాయిద్యాల క్లిప్‌ఆర్టు అంతా బొమ్మలు అనే ఒకే ఫోల్డర్‌కి తెచ్చి, దాని పేరు జన్మలో మార్చొద్దని మావతో ఒట్టు వేయించుకున్నాను. అడిగిన కార్డులకు లింకుల పట్టీలో కొత్త దారి చూపించాం. అను ఫాంట్ల ఇన్‌స్టలేషన్ ఫైళ్లు కూడా అదే బ్యాకప్‌లో చేర్చాం, అవి లేకపోతే కార్డు దొరికినా చదవడానికి ఉండదు.

సింక్ వదిలితే అంతా మళ్లీ అప్‌లోడ్ అవుతుందేమోనని మావ భయం, డేటా అయిపోతుందని. అవలేదు, పేర్లు మాత్రమే మారాయి. డ్రైవ్ ప్రతి ఫైలునూ లోపల ఒక ఐడీతో గుర్తుపడుతుంది, పేరుతో కాదు. అందుకే ఒంగోలులో ఫ్లెక్సీలు వేసేవాళ్లకు ఎప్పుడో పంపిన లింకులు కూడా పాడవలేదు. వాళ్లకు ఫోన్ చేసి ఒకటి తెరిపించి చూశాం, తెరుచుకుంది, పైన కొత్త పేరు కనిపించిందంట.

సాయంత్రం వలేటివారిపాలెం పెద్దాయన కార్డు కూడా బయటపడింది. శోభకృత్‌లో పడిన శుభకృత్ కార్డు అది, పేరు "రేపు ఇవ్వాల". మావ నవ్వలేదు, చిన్నోడి కార్డు అప్పటికే అచ్చయి పోయింది.

మిగిలిన పని

లాప్‌టాప్ పాత పద్దు ఇంకా అట్లే ఉంది. దాంట్లో ఉన్నవి వాడుకలో ఉన్న పద్దులో కూడా ఉన్నాయా లేదా అని సరిచూడకుండా తీసేసే ప్రశ్నే లేదు. ఆ పట్టీ అమ్మాయి తయారు చేస్తానంది. అది తేలాక హార్డ్ డిస్కులోకి ఒక కాపీ దించుకుని తీసేస్తాం. వెబ్‌లో పెద్ద ఫోల్డర్ దించితే 2 జీబీ చొప్పున జిప్ ముక్కలుగా వస్తుంది, అన్ని ముక్కలూ వచ్చాయో లేదో చూసుకోవాలి.

తెలుగు సంవత్సరం పేరు పూర్తిగా పోవడం మావకు నచ్చలేదు. మధ్యేమార్గంగా పై ఫోల్డర్‌కి 2023 శుభకృత్-శోభకృత్ అని పెట్టాం, అంకె ముందుంది గనక వరస చెడదు. శార్వరి, ప్లవ ఇంకా ముట్టుకోలేదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, షాపు ఖాళీగానే ఉంటుంది, అప్పుడు రా అన్నాడు.